నాలుగో లేన్ గోడ

ఇరవై మూడేళ్ళుగా ఆయన ఈత పోటీలకు వెళుతున్నాడు గాని ఒక్క పోటీ కూడా చూడలేదు. కొలను చివర గోడ మీద నిలబడి, తన లేన్‌లో వచ్చే మనిషి చేతులు రెండూ గోడకు ఒకేసారి తగిలాయా లేదా అన్నది చూడడమే ఆయన పని. బ్రెస్ట్ స్ట్రోక్‌లో, అంటే కప్ప ఈతలో, అది పెద్ద నియమం. ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక తగిలితే ఆ ఈతగాడు పోటీలో లేనట్టే. తప్పు కనిపిస్తే టర్న్ జడ్జి, అంటే మలుపు గోడ దగ్గర నిలబడే ఆయన లాంటివాడు, చెయ్యెత్తాలి. అనుమానంగా ఉంటే ఎత్తకూడదు. ఎవరు ముందున్నారో ఎవరు వెనకబడ్డారో ఆయనకు అనవసరం. వచ్చినవాళ్ళు గోడ తాకి వెనక్కి పోతారు. ఆయన తరవాతి చేతుల కోసం వంగుతాడు.

భార్య ఉన్న రోజుల్లో, ఆయన ఇంట్లో అడుగు పెట్టగానే ఎవరు గెలిచారని అడిగేది. తెలియదనేవాడు. పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతుర్ని చూడకుండా వచ్చే మనిషిని మిమ్మల్నే చూశానని నవ్వేది. మళ్ళీ పోటీకి మళ్ళీ అదే అడిగేది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు.

మామూలు రోజుల్లో ఆయన తాళాలు బాగుచేస్తాడు. నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద, నిలబడితే తల తగిలే కొట్టు. మొండికేసిన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని, సన్నటి తీగ లోపలికి పోనిచ్చి, ఒక్కొక్క పిన్నూ పడే చప్పుడు వింటూ తీస్తాడు. ఆ పనికి కళ్ళతో అవసరం తక్కువ. పక్కన జిరాక్స్ మిషను ఆవిడ, అన్నయ్య మంచివాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ వీధిలో తాళాలు కొనడమే దండగ అని వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది.

రెండేళ్ళ కిందట కుడికంటికి అద్దం మీద ఊపిరి పట్టినట్టు మసక కమ్మింది. ఏడాది తిరిగేసరికి ఎడమ కన్నూ అదే దారి పట్టింది. కంటి డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఆ తరవాత నెల రోజులు పూటపూటకీ చుక్కలు వెయ్యాలి, ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. కనుక్కుని చెబుతానని వచ్చేశాడు ఆయన. ఎవరినీ కనుక్కోలేదు, మళ్ళీ వెళ్ళనూ లేదు.

అప్పటి నుంచే గోడ దగ్గర కూడా చెవినే నమ్ముకున్నాడు. రెండు చేతులూ ఒకేసారి తగిలితే ఒక్కటే చప్పుడు. వేరువేరుగా తగిలితే రెండు. మొదట్లో భయపడుతూ పక్క లేన్ జడ్జి మొహం వైపు చూసేవాడు. చూసినా ఏమీ తెలిసేది కాదనుకోండి. కాని ఈ ఏడాదిలో ఒక్క నిర్ణయమూ తప్పు పోలేదు. కుర్ర జడ్జీలు ఆయన్ని "గోడ బాబాయ్" అంటారు. బాబాయ్ చెయ్యెత్తాడంటే ఇక అప్పీలు లేదని వాళ్ళలో ఒక మాట.

ఎనిమిది దేశాల పోటీలు ఆ ఊళ్ళో జరగడం అదే మొదలు. జడ్జీల జాబితా గోడకు అంటించారు. నాలుగో లేన్, టర్న్ వైపు, ఆయన పేరు. ఆ కాగితం మీద వేలు పెట్టి ఎవరో చదివి చెబితే విని, ఇంటికి వచ్చి తెల్ల ప్యాంటూ చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు. ఫలానా వేళకు ఫలానా చోట ఆయన ఉండాలని ఇంకొకరు అనుకునే చోటు లోకంలో అదొక్కటే మిగిలింది.

పొద్దున వడపోత పోటీల్లో బెంచీలన్నీ ఖాళీ. చప్పుళ్ళు గంట కొట్టినట్టు వినిపించాయి. ఒకరికి చెయ్యెత్తాడు, అది సరైనదేనని తేలింది.

సాయంత్రం మగవాళ్ళ వంద మీటర్ల కప్ప ఈత ఫైనల్. అంటే ఒక పోక, ఒక రాక, మధ్యలో ఒకే ఒక్క టర్న్. బెంచీలు నిండిపోయాయి. ఈల మోగాక జనం అరుపులు కప్పును తాకి కిందికి దిగాయి. నాలుగో లేన్‌లో పొద్దున అందరికంటే వేగంగా ఈదిన ఆకుపచ్చ టోపీ కుర్రాడు. ఆయనకు కనిపించింది ఆకుపచ్చ మచ్చ, దాని ముందు తెల్లటి నురుగు. బాగా వంగాడు. చెవి నీటి వైపు తిప్పాడు. ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి.

చెయ్యెత్తాడు.

ఆకుపచ్చ టోపీయే మొదట చేరాడు. బోర్డు మీద అంకెలు వెలిగాయి, వెంటనే ఆరిపోయాయి. ఫలితం విచారణలో ఉందని మైకులో చెప్పారు. కుర్రాడు నీళ్ళలోనే తాడు పట్టుకుని ఖాళీ బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడట. ఇది ఆయనకు తరవాత తెలిసింది.

చీటీ ఇచ్చారు. లేన్ నంబరు రాశాడు, తప్పు ఏమిటో రాశాడు. కింద ఇంకొక గడి ఉంది. ఏ చెయ్యి ముందు తాకింది? అక్కడ పెన్ను ఆగింది.

రెఫరీ కొలను పొడుగునా నడిచి ఆయన దగ్గరికే వచ్చింది. పన్నెండేళ్ళ పిల్లగా ఇదే నీటిలో ఈదినప్పుడు, ఆయన చెయ్యెత్తగా మొదటి స్థానం పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ రోజు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఏడ్చింది. పెద్దయ్యాక జడ్జీల శిక్షణకు వచ్చి, ఆయన పక్కనే కూర్చుంది.

"గడి ఖాళీగా ఉంది బాబాయ్. ఏ చెయ్యి ముందు?"

ఎడమ అన్నా సరిపోతుంది, కుడి అన్నా సరిపోతుంది. నీటి కింద కెమెరా లేదు. కాదనేవాళ్ళు లేరు. ఆయన ఆ రెండు చప్పుళ్ళనూ మళ్ళీ చెవిలోకి తెచ్చుకున్నాడు. తాళంలో పిన్నులు విన్నట్టు, తొందర లేకుండా. మొదటిది తన కాళ్ళ కింద పడింది. రెండోది కుడి పక్క నుంచి, ఒక బారెడు దూరంలో.

"అయిదో లేన్ వాడు కూడా అప్పుడే వచ్చాడా?" అని అడిగాడు.

"ఇద్దరూ భుజం భుజం కలిపి వచ్చారు. మీరు చూశారుగా."

"నేను చూళ్ళేదమ్మా. విన్నాను."

ఆమె చీటీ చేతిలోకి తీసుకుంది. కళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాయని అడిగింది. చెప్పాడు. తనకు ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెబితే రానిస్తావా?"

ఆమె చీటీని అడ్డంగా కొట్టేసి, సంతకం పెట్టింది. వెళ్ళబోయి ఆగింది.

"మరి నన్ను? అప్పుడు చూశారా, విన్నారా?"

"చూశాను. ఎడమ చెయ్యి. బొటనవేలికి ప్లాస్టరుంది, సగం ఊడి వేలాడుతోంది."

ఆమె తల ఊపింది. ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అంది. చుక్కలు వెయ్యడానికి మనిషి కావాలన్నాడట డాక్టరు, అని చెప్పాడు ఆయన. ఆమె ఏదో అనబోయింది. కొలను అవతలి వైపు తరవాతి పోటీవాళ్ళు వరసగా నిలబడి ఆమె ఈల కోసం చూస్తున్నారు. వెళ్ళిపోయింది. నాలుగో లేన్ దగ్గరికి ఇంకొక జడ్జి వచ్చి, ఆయన పక్కకు తప్పుకునేదాకా మర్యాదగా ఆగాడు.

బోర్డు వెలిగింది. ఆకుపచ్చ టోపీ కుర్రాడు రెండు చేతులతోనూ నీటిని చరిచాడు. జనం హోరులోనూ ఆ చప్పుడు ఆయనకు వినబడింది.

బెంచీల మీదికి ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. మెట్లు కాలితో తడుముకుంటూ ఎక్కి, ఒడి నిండా తువ్వాళ్ళు పెట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ళ పోటీ మొదలైంది. పైనుంచి చూస్తే ఎనిమిది తెల్లటి గీతలు సాగుతున్నాయి, అంతే. ఏది ముందుందో తేల్చుకోలేకపోయాడు. అయినా చివరిదాకా చూశాడు. జనం లేచి నిలబడితే తనూ నిలబడ్డాడు.

"ఎవరు గెలిచారమ్మా?"

ఆవిడ ఆయన తెల్లబట్టల వైపు, జేబు మీది జడ్జి బిళ్ళ వైపు చూసింది.

"అది మీరు కదండీ మాకు చెప్పాలి" అంది. తరవాత జాలేసిందేమో, "మూడో లేన్ పిల్ల. వేలెడు తేడా" అని చెప్పింది.

మూడో లేన్ పిల్ల, వేలెడు తేడా. బస్సులో కూర్చుని రెండు మూడుసార్లు అనుకున్నాడు. టికెట్ కొట్టే మనిషి ఏదో అడిగితే జవాబు చెప్పి, మళ్ళీ అనుకున్నాడు. వీధి మొదట్లో దిగి, జిరాక్స్ కొట్టు దాటి, తన మెట్ల కింది కొట్టు దాటి, ఇంటి తలుపు దగ్గరికి వచ్చాడు. తాళం తడిమి తీశాడు. అప్పటికీ మరిచిపోలేదు.