గొర్రెల తోకల దగ్గర దాచిన ఇంగ్లీషు

ఈ సంగతి నేను రాసి పెట్టక తప్పదు. ముదిగుబ్బ చుట్టుపక్కల ఇది ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. ఒక ఊళ్లో నేను గొర్రెలకు మంత్రం వేశానంటారు, ఇంకో ఊళ్లో దొంగ డాక్టరు వేషం కట్టానంటారు. అసలు జరిగింది వాటికన్నా ఘోరం. చేతిలో కనీసం కర్ర కూడా లేకుండా, ఒక్కదాన్ని, నిండు సంతను ఖాళీ చేయించాను.

అప్పుడు నేను గుమాస్తా ఉద్యోగం పరీక్షకు చదువుతున్నాను. ఆ పరీక్షలో అడిగే ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషువాళ్లు కూడా పండగలకే బయటికి తీస్తారని నా అనుమానం. మా శాఖా గ్రంథాలయంలో నేను చదవని కాగితం లేదు, గోడకు అంటించిన నిబంధనలతో సహా. అట్ట ఊడిన లావుపాటి పదాల పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. కానీ పొద్దున బట్టీ పట్టిన మాట, మా వేరుశనగ చేలో పోసిన బిందెడు నీళ్లలాగా సాయంత్రానికి ఇంకిపోయేది.

ఒకరోజు మా నాయన గొర్రెలను మేపుతుండగా నా బుర్రలో దీపం వెలిగింది. మాటకొక గొర్రె! ఎంత మేసినా ఆగని దాని పేరు వొరేషియస్. నోరు మూయకుండా అరిచేది గార్యులస్. ఎండకు సోలిపోయి లేవనిది లెథార్జిక్. మొహం చూస్తే మాట, చెవులు పట్టుకుంటే అదే అర్థం వచ్చే ఇంకో రెండు మాటలు, తోక ఎత్తితే వ్యతిరేకపదం. నవ్వకండి. నెల తిరిగేసరికి మంద మొత్తం నడిచే నిఘంటువైంది.

ఇంతలో వానలు మొహం చాటేశాయి, మేత అయిపోయింది. ఆదివారం నా పరీక్షనగా నాయన బాంబు వేశాడు.

"శుక్రవారం సంతకు తోలుకపోతా మ్మా."

"నాయనా, పరీక్ష అయ్యేదాకా ఆగు!"

"గొర్రెలకు పరీక్షేంది?"

"వాటికి కాదు, నాకు. నా ఇంగ్లీషంతా వాటి మీదనే ఉండాది."

నాయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నన్ను చూశాడు, మందను చూశాడు. "ఇంగ్లీషు ఉండాదా వీటికి? అట్లయితే రేటు ఇంగ కొంచెం పెంచల్ల."

చేసేదేముంది! ఆఖరిసారి నెమరు వేసుకుందామని నేనూ సంతకు పోయాను. మస్తానన్న అనే వ్యాపారితో బేరం కుదిరింది. నాయన టీ తాగను పోయాడు. మంద మినీలారీ ఎక్కేలోపు మొత్తం ఒప్పజెప్పుకోవాలి కదా? ఒక్కొక్క గొర్రె గడ్డం పట్టుకుని కళ్లలోకి చూడటం, రెండు చెవులూ తడమటం, తోక ఎత్తటం, కళ్లు మూసుకుని గొణుక్కోవటం మొదలుపెట్టాను.

మస్తానన్న దగ్గరికొచ్చాడు. "డాక్టరమ్మా, దీనికేమొచ్చింది?"

నేను తపస్సులో ఉన్నాను. ఆయన ఏమని పిలిచాడో పట్టించుకుంటేగా! "లెథార్జిక్" అన్నాను.

"అంటే?"

"ఒళ్లంతా మత్తు. లేవబుద్ధి కాదు, కదలబుద్ధి కాదు."

"అల్లా! మరి ఇది?"

"వొరేషియస్. ఎంత తిన్నా ఆకలి తీరదు."

"ఈ అరిచేది?"

"గార్యులస్. పగలూ రాత్రీ నోరు మూతపడదు."

మస్తానన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒక్కటన్నా బాగుండేది లేదా తల్లీ?"

నా చదువు మీద అనుమానమా అని నాకు రోషం వచ్చింది. "ఏమనుకుంటాండావు అన్నా? ఒక్కొక్కదానికీ ఒక్కొక్కటి ఉండాది!"

అంతే. "కొత్త రోగాలంట! అన్నీ ఇంగ్లీషు పేర్లేనంట!" అని సంతంతా పాకింది. కొనను వచ్చినవాళ్లు బండ్లు స్టార్టు చేశారు. అమ్మను వచ్చినవాళ్లు తమ గొర్రెలను మా గొర్రెలకు దూరంగా ఈడ్చుకుపోయారు. గొర్రెపిల్లను అమ్మను వచ్చిన ఓబుళమ్మవ్వ ఒక్కతే దాన్ని చంకన పెట్టుకుని నా ముందు నిలబడింది. "దీని తోక గూడా చూడు తల్లీ."

నాయన టీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి మిగిలింది మేమూ, దుమ్మూ, లారీ దగ్గర మస్తానన్నా.

"ఏమప్పా నారాయణప్పా, ఇన్ని రోగాలు నాకు అంటగడతావా?"

"రోగాలు కాదు మస్తానన్నా, అది మా పాప చదువు!"

"చదువు తోక కింద ఉంటాదా యాడన్నా?"

లారీ ఉత్తదే పోయింది. మందతో పాటు ఇంటిదాకా నడిచాము. దారి పొడుగునా మాట్లాడింది గార్యులస్ ఒక్కటే.

ఆదివారం పరీక్ష హాల్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. మాటలు మంద కట్టి వచ్చాయి! వ్యతిరేకపదాల దగ్గర మాత్రం నా చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. కాపలా ఉన్న సారు వచ్చి, "ఏమ్మా, ఏం ఎత్తుతాండావు?" అన్నాడు.

"తోక సార్."

ఆ తర్వాత ఆయన పరీక్ష అయ్యేదాకా నా బల్ల దగ్గరికి రాలేదు.

ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషులో మార్కులు చూసి నాకే కళ్లు తిరిగాయి. లెక్కల మార్కులు చూసినప్పుడు కూడా తిరిగాయి, అయితే ఎదురు దిక్కుకు. ఉద్యోగం రాలేదు. నాయనకు భయం భయంగా చెప్పాను. ఆయన బీడీ ఆర్పాడు.

"నీ తప్పు లేదులే మ్మా. ఇంగ్లీషుకు గొర్రెలుండె. లెక్కలకు మేకలు కొనల్లని నాకే తోచకపాయ."

ఇందుమూలంగా, మా ఊరి దిక్కుకు తిరిగి, గొంతు సవరించుకుని ప్రమాణం చేస్తున్నాను: అమ్ముడుపోయే ప్రాణి దేని మీదా ఇక నేను పాఠం పెట్టుకోను.

పుస్తకం గడువు దాటినా అడగని గ్రంథాలయం సుబ్బరాయుడు సారుకు, వానలు పడ్డాక మనసు మార్చుకుని వచ్చి మందను మంచి రేటుకు కొన్న మస్తానన్నకు, నన్ను నమ్మిన ఏకైక రోగి బంధువు ఓబుళమ్మవ్వకు, నన్ను ఒక్క మాట కూడా అనని మా నాయన నారాయణప్పకు కృతజ్ఞతలు. వొరేషియస్‌కు, లెథార్జిక్‌కు, గార్యులస్‌కు వేరుగా దండాలు. నాకొచ్చిన ప్రతి మార్కూ వాళ్లదే. లెక్కలవి మాత్రం నా సొంతం.