నాలుగు మానికల బియ్యం

మొన్న కరీంనగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని మా తమ్ముడి కూతురు తన ట్యాబ్‌లో ఏదో అంకె కొట్టగానే, తెర మీద ఎర్రటి గీత వెలిగి, తను సర్వే చేసొచ్చిన ఒక ఇంట్లోని మనుషులకూ వండిన బియ్యానికీ పొంతన లేదని చెప్పింది. పిల్ల పేదల తిండి మీద పరిశోధన చేస్తోంది, ఒకప్పుడు నేను చేసిన పనే కాబట్టి మురిసిపోవలసిన మాటే, కానీ ఆ గీత చూసేసరికి నా చేతిలోని చాయ్ చీర మీద ఒలికిపోయింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా వైపు ఊళ్లు పోలీసులకూ, తుపాకులు పట్టి అడవుల్లో తిరిగే అన్నలకూ నడుమ బిక్కుబిక్కుమంటూ బతికేవి, అన్నలకు అన్నం పెట్టారని తెలిస్తే ఆ ఇంటి మనిషిని స్టేషన్‌కు తీసుకుపోయేవారు, తిరిగి వస్తే అదృష్టమే. సరిగ్గా అప్పుడే వ్యవసాయ ఆర్థికశాస్త్రం ప్రొఫెసరైన మా సారు, హుస్నాబాద్ అవతల కూలివాళ్లు నిజంగా ఏం తింటున్నారో తేల్చాలని పూనుకుని, వంటింట్లోకి ఆడమనిషి అయితేనే వెళ్లగలదని ఎమ్మే కొత్తగా పూర్తిచేసిన నన్ను సర్వేకు పెట్టుకున్నారు. బ్యాంకుల మీద, ఎగుమతుల మీద పనిచేసే తోటి ప్రొఫెసర్లు ఆయన్ను బియ్యం సారు అని వెక్కిరించేవారు, ఆయన నవ్వి ఊరుకునేవారు. ఎంత వండుతారని నోటితో అడగకూడదని ఆయన నియమం, అడిగితే పరువు కోసం కొందరు ఎక్కువ చెబుతారు, భయంతో కొందరు తక్కువ చెబుతారు. అందుకని ఇంట్లో రోజూ వాడే మానికను, అంటే కిలోకు కాస్త తక్కువ పట్టే కొలపాత్రను తెప్పించి, పూటకు పోసినట్టే చాటలో పోయించాలి.

ఒక ముసలమ్మ ఇంట్లో ఆమే, కొడుకూ, కోడలూ, ముగ్గురే ఉండేవారు. నేను పోయమనగానే ఆమె మాటల్లో పడి అలవాటు కొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు మానికలు పోసి, అప్పుడు చెయ్యి ఆపి నా ముఖం చూసింది.

“రాసినవా బిడ్డా?”

రాశానన్నాను. ఆమె పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. నేను మాత్రం తెలివి ఒలకబోస్తూ, ముగ్గురికి నాలుగు మానికలు ఎందుకు అని పక్కన ప్రశ్న కూడా రాసుకున్నాను. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగినదాన్ని, అయినా ఆ పూట నాకు అంకె తప్ప మనిషి కనబడలేదు.

తిరుగు బస్సును దారిలో పోలీసులు ఆపి సంచులు వెతకడం మొదలుపెట్టినప్పుడు గానీ ఆ బియ్యం ఎవరు తింటున్నారో నాకు తట్టలేదు. ఎస్సై నా కాగితాలు తీసి ఊరికే తిరగేస్తాడనుకున్నాను గానీ, అతను చదువుకున్నవాడు, ఒక్కో పేజీ ఆగి ఆగి చదివి, నేను రాసిన ఆ ప్రశ్న దగ్గరే వేలు పెట్టాడు.

“ముగ్గురికి నాలుగు మానికలా? గీ లెక్కేంది మేడం?”

“తప్పు రాసిన సార్. ఒక్కటే మానిక.”

అతను జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు.

“అయితే దిద్దుండ్రి.”

నాలుగు కొట్టేసి ఒకటి వేశాను, ప్రశ్న కూడా కొట్టేశాను. కాగితాలు తిరిగిచ్చి బస్సు దిగిపోయాడు. నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఈనాటికీ నాకు తెలియదు.

దిద్దిన ప్రతి అంకె పక్కనా దిద్దినవాళ్లు సంతకం పెట్టాలనేది మా సర్వేల ఆచారం. సారు ఆ కాగితం మీది వేరే రంగు సిరాను చూసి, నా ముఖం చూసి, కారణం అడగకుండా సంతకం పెట్టమన్నారు. అంకెలో అబద్ధం కలిపితే అన్నంలో మన్ను కలిపినట్టేనని చెప్పే మనిషి ఆయన. ఆ నెలంతా నాకు కంటిమీద కునుకు లేదు, మళ్లీ ఆ ఊరు వెళ్లి గుమ్మంలో ముసలమ్మను చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. నేను అడగకముందే ఆమె మానిక తెచ్చి ఒక్కటంటే ఒక్కటి పోసి, పక్కన బోర్లించింది.

ఇవన్నీ మా పిల్లకు చెప్పి, అంకె కొట్టాక దిద్దే వీలుందా అని అడిగాను.

“ఉండదు అత్తమ్మా, కొట్టంగనే పోతది. ఇగ మన చేతిల ఏం లేదు.”

ఎక్కడికి పోతుందో, అక్కడ ఎవరు చూస్తారో దానికీ సరిగ్గా తెలియదు. మా కాలపు భయం మరిచిపోలేనిదే, కానీ అప్పుడు కాగితం నా చేతిలో ఉంది, భయపెట్టినవాడే పెన్ను కూడా ఇచ్చాడు. ఇప్పుడు ఏ ముసలమ్మ అయినా ఏమరుపాటున నాలుగో మానిక పోస్తే, కొట్టేసి పక్కన సంతకం పెట్టడానికి ఎవరున్నారు?