ఇక్రాముద్దీన్ చాచా ఘాట్ లైను

ఇక్రాముద్దీన్ చాచాకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఖతర్‌లో కొండలున్నాయంటాడు.

ఆ దేశం చపాతీ పీటంత చదునని అక్కడ దిగిన రోజే ఎవరికైనా తెలిసిపోతుంది. రోడ్డు మీద నిమ్మకాయ పెడితే అటూ దొర్లదు, ఇటూ దొర్లదు. చాచాకు ఇవేవీ పట్టవు. శుక్రవారం ఫజర్ నమాజు కాగానే తను నడిపే కంపెనీ పికప్ వెనకాల మూడు పాత సైకిళ్ళు వేసుకుని, బర్వా అల్ బరాహా క్యాంపు నుంచి అల్ రయ్యాన్ వైపు ఉన్న సైకిల్ ట్రాక్ దగ్గరికి చేరేవాడు. పెడల్ మీద కాలు పెట్టాడంటే చాలు, ఆయనకు ఎడమవైపు లోయ, కుడివైపు సీతాఫలాల అడవి కనిపించేవి. వెంట వచ్చినవాళ్ళకు మాత్రం ఎడమవైపు పార్కింగూ, కుడివైపు ఇసుకా.

చాచా చెప్పేదేమిటంటే, ఆయన చిన్నప్పుడు వాళ్ళ అబ్బాజాన్ ఏదో కొండల లైనులో గేట్‌మన్‌గా పనిచేసేవాడట. తరవాత రైళ్ళు ఆగిపోయి పట్టాలు ఎత్తేస్తే, ఆ కట్ట మీద పిల్లలంతా సైకిళ్ళు తొక్కేవారట. దారి పొడుగునా సొరంగాలట, వాగుల మీద వంతెనలట, మొహం మీద తుంపర్లు కొట్టే జలపాతమట. ఆ దారిని మొత్తం పెకలించి తెచ్చి ఆయన ఇక్కడ పరిచేశాడు. అండర్‌పాస్ వస్తే సొరంగం. గడ్డికి నీళ్ళు చిమ్మే పైపు వస్తే జలపాతం. రోడ్డు దాటడానికి కట్టిన సైకిల్ వంతెన పేరు పెద్ద ఘాట్.

అదే రూములో ఉండే గజేందర్ ఒకరోజు ఫోన్‌లో మ్యాపు తీసి ఇండియా అంతా గాలించాడు.

"చాచా, నువ్వు చెప్పే లైను యాడ లేదు."

"పట్టాలు ఎత్తేసిండ్రని చెప్పిన గద. మ్యాపుల ఎట్లుంటది బేటా?"

లైనన్నాక స్టేషన్లుండాలి. చాచా మెడలో ఒక ఈల, హ్యాండిల్‌కు పాత సేఫ్టీ జాకెట్టులోంచి కత్తిరించిన పచ్చగుడ్డ ఉండేవి. ఈల మోగితే ఎవరెంత జోరులో ఉన్నా దిగాల్సిందే. మూడో దీపస్తంభం బోడగుట్ట. ఆరోది ఉడుములబండ. తొమ్మిదోది జింకలవాగు.

"ఇప్పుడే ఆగితిమి గద," అని గొణిగేవాడు గజేందర్.

"అది స్టేషన్. ఇది క్రాసింగ్. ఎదురు బండి రావాలె."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

అవి ఐదయ్యేవి. అదేమిటని అడిగితే, "ఈ లైన్ల బండ్లు ఎప్పుడన్న టైముకొచ్చినయా?" అని తిరిగి అడిగినవాళ్ళనే అడిగేవాడు. ఒకసారి నిజంగానే ఎదురు బండి వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న తెల్లదొర ఎవరో రివ్వున వస్తుంటే చాచా పచ్చగుడ్డ ఊపాడు. ముందు ఏ ప్రమాదం జరిగిందోనని పాపం ఆయన దిగి నిలబడ్డాడు. "లైన్ క్లియర్. యల్లా," అని చాచా గౌరవంగా సాగనంపాడు.

ఈ పిచ్చిని లోలోపల పూజించే మనిషి ఒకడున్నాడు. మూడో సైకిల్ హన్మాండ్లుది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్. చలికాలంలో నిమోనియా తగిలి పన్నెండు రోజులు ఆస్పత్రిలో పడుకుని లేచాడు. కంపెనీ డాక్టరు అతన్ని మూడు నెలలు కింది పనులకు వేయించి, ఆ తరవాత వచ్చి నాలుగంతస్తుల మెట్లెక్కమన్నాడు. పైకెక్కి, రొప్పకుండా పేరూ ఊరూ ఐడీ నంబరూ చెప్పాలి. చెబితే ఫిట్. లేకపోతే వీసా క్యాన్సిల్, ఇంటికి టికెట్. అక్కడ కొడుకు ఆదిత్య పాలిటెక్నిక్ ఇంకా రెండేళ్ళుంది.

ఊపిరి ఆడటం లేదని ఎవరికైనా చెప్పుకుందామంటే గజేందర్ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఫోర్‌మన్‌తో కలిసి చాయ్ తాగేంత చనువు. అందుకని హన్మాండ్లు రూములో ఛాతీ విరుచుకుని తిరిగేవాడు, ట్రాక్ మీద చచ్చి బతికేవాడు. మూడు స్తంభాలు దాటేసరికి గుండె కొలిమితిత్తి అయ్యేది. సరిగ్గా కళ్ళు బైర్లు కమ్మే వేళకు చాచా ఈల మోగేది. 'ఈ పిచ్చోన్ని దేవుడు నాకోసమే పుట్టించిండు' అనుకుని, హాయిగా దిగి, అందరికన్నా ముందే ఎదురు బండి కోసం చూసేవాడు.

ఆశకు అంతేముంది? రెండు వారాలకు అతను ఇంకో స్టేషన్ అడిగాడు.

"చాచా, ఉడుములబండకు జింకలవాగుకు నడుమ ఒక హాల్ట్ పెట్టరాదు? జనం తిప్పలు పడ్తున్రు."

"ఏ జనం?"

"అడవిల ఉన్నోళ్ళు."

చాచా గడ్డం గోక్కున్నాడు. "అర్జీ రాసియ్యి."

హన్మాండ్లు సిమెంటు బస్తా కాగితం మీద అర్జీ రాసి, కింద పదిమంది గ్రామస్తుల వేలిముద్రలు వేశాడు. పదీ తన వేళ్ళే. చాచా వాటిని ఒక్కొక్కటే పరిశీలించి, హాల్ట్ మంజూరు చేశాడు. దానికి హన్మాండ్లు భార్య పేరున సునందనగర్ అని నామకరణం కూడా జరిగింది. ఆ సాయంత్రం ఫోన్‌లో ఆమెకు చెప్పాడు.

"దుబాయ్‌ల నా పేరు మీద స్టేషనా?" అంది సునంద.

"దుబాయ్ కాదే, ఖతర్."

"ఏదైతేంది. ఎవరన్న దిగుతరా?"

"నేనొక్కన్నే."

రెండో నెలలో అన్యాయం మొదలైంది. మూడో స్తంభం దగ్గరుండాల్సిన బోడగుట్ట ఐదో దానికి పోయింది. ఇంకో రెండు వారాలకు ఎనిమిదికి చేరింది, మిగతా స్టేషన్లూ అలాగే ముందుకు జరిగాయి.

"గుట్ట ఎట్ల జరుగుతది చాచా?" అన్నాడు గజేందర్.

"వానలకు జారింది."

ఆ ఎండలో వాన మాట విని గజేందర్ ఆకాశంకేసి చూశాడు. మూడో నెలలో సునందనగర్‌ను పూర్తిగా ఎత్తేశారు. హన్మాండ్లుకు కోపం వచ్చింది. "నా పెండ్లాం పేరే దొరికిందా తీసెయ్యనీకి?"

"టికెట్లు తెగుతలేవు," అన్నాడు చాచా, ఈల తుడుచుకుంటూ.

మెడికల్ రోజు చాచానే పికప్‌లో దింపాడు. హన్మాండ్లు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తు మలుపులో కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఆయాసం లేదు, నొప్పి లేదు, ఉత్త అలవాటు. వెంట ఎక్కుతున్న నర్సు "క్యా హువా?" అంది.

"క్రాసింగ్," అనేశాడు హన్మాండ్లు.

ఆమె చేతిలోని కాగితం మీద ఏదో రాసింది. అది చూసి అతను మిగిలిన మెట్లన్నీ పరుగున ఎక్కి డాక్టరు ముందు నిలబడి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఐడీ నంబరు చెప్పాడు. ఇంకా బోలెడు ఊపిరి మిగిలిపోయింది. దాన్నేం చేయాలో తెలియక బోడగుట్ట, ఉడుములబండ, జింకలవాగు అని వరసగా చెప్పుకుపోయాడు. డాక్టరు చేయెత్తి ఆపి, ఫిట్ అని ముద్ర కొట్టాడు.

ఆ తరవాతి శుక్రవారం ట్రాక్ మొదట్లో చాచా మెడలోంచి ఈల తీసి హన్మాండ్లు మెడలో వేశాడు. "స్టేషన్లన్ని ఎత్తేసినం. ఇగ ఎక్స్‌ప్రెస్సే."

గజేందర్ ఎగిరి గంతేసి సైకిలెక్కాడు. "ఎందుకు ఎత్తేస్తివి చాచా?" అన్నాడు హన్మాండ్లు.

"ప్యాసింజర్ లేడు."

హన్మాండ్లు పెడల్ మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. మూడో స్తంభం, ఐదో స్తంభం, ఎనిమిదో స్తంభం కళ్ళ ముందు తిరిగాయి. గజేందర్ దూరం వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అడిగాడు.

"నీకెరుకనా?"

"ముప్పై ఏండ్ల సంది బండ్లు నడుపుతున్న. ఇంజిన్ల దమ్మెంతున్నదో చప్పుడు వింటె తెల్వదా మియా?"

"మరి నాకన్న చెప్పకపోతివి."

"చెప్తె నువ్వు ఆగేటోనివా? నాకేం కాలేదనుకుంట పోయి యాడనో పడెటోనివి."

అది అక్షరాలా నిజం. "అర్జీ పెట్టినప్పుడు నవ్వు రాలేదా?"

"వచ్చింది. దాచిపెట్టుకున్న. పది వేళ్ళు ముంచి అర్జీ ఎవడిస్తడు?"

హన్మాండ్లుకు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. కానీ చాచా అప్పటికే పెడల్ మీద నిలబడి, ఎడమవైపు లోయ చూపిస్తూ వెళ్ళిపోయాడు. హన్మాండ్లు వెంటపడ్డాడు.

ఎక్స్‌ప్రెస్ పెద్ద ఘాట్ మొదలయ్యేదాకా బాగానే నడిచింది. వంతెన సగానికి వచ్చేసరికి చాచా సైకిల్ వంకర్లు తిరగసాగింది. ఆయనకూ యాభై తొమ్మిదేళ్ళు. మూడు నెలలుగా ఆ స్టేషన్లలో ఆయన ఊపిరి కూడా దిగి ఎక్కుతూనే ఉంది. మొహం కందగడ్డ అయినా నోరు మాత్రం ఆగలేదు. "కుడివైపు... సీతాఫలాలు..." అంటూనే ఉన్నాడు.

హన్మాండ్లు గట్టిగా ఈల ఊదాడు.

"ఈలెందుకు?" అన్నాడు చాచా, రొప్పుతూ.

"సునందనగర్. దిగు."

"ఎత్తేసినం గద."

"అర్జీ మళ్ళొచ్చింది. ఈసారి కాలివేళ్ళు గూడ పెట్టిండ్రు."

చాచా బుద్ధిగా సైకిల్ దిగి, రెయిలింగుకు ఆనుకుని, కింద కార్లు పోతున్న లోయలోకి చూస్తూ ఊపిరి తీసుకున్నాడు. వంతెన అవతలి నుంచి గజేందర్ కేకేశాడు.

"మళ్ళ ఆగితిరేంది? ఎంతసేపు?"

"రెండు నిమిషాలు," అన్నాడు హన్మాండ్లు.

పది నిమిషాలు గడిచాయి. గజేందర్ మళ్ళీ కేకేశాడు. చాచా చెమట తుడుచుకుని జవాబివ్వబోయాడు, కానీ హన్మాండ్లు అందుకున్నాడు.

"ఈ లైన్ల బండ్లు ఎప్పుడన్న టైముకొచ్చినయారా?"