మా సర్పంచి అత్తకు ట్యూషను

ఉద్యోగం రానంతకాలం మనిషికి తన చదువు మీద ఉండే గౌరవం, వచ్చాక ఉండదు. నాకు ఆ గౌరవం పుష్కలంగా ఉన్న రోజులవి. తిరుపతిలో పొలిటికల్ సైన్సుతో బి.ఏ. పూర్తిచేసి, అక్కడే ఒక అద్దె గదిలో గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ (చదువుతున్నానని ఇంట్లో చెబుతూ), ప్రభుత్వానికీ కోర్టులకూ సంబంధించిన ఇంగ్లీషు మాటలన్నీ చీటీల మీద రాసి గోడలకు అంటించుకున్నాను. పళ్లు తోముకుంటుంటే లెజిస్లేచర్, అన్నం తింటుంటే జ్యుడీషియరీ ఎదురుగా కనబడేవి. ఇన్ని మాటలు వచ్చినవాడు పరీక్ష ఎందుకు తప్పాడో పేపరు దిద్దినవాళ్లే చెప్పాలి. రెండోసారీ తప్పాక ఊరికి వెళ్తే మా నాయన, "ఇంగ సాల్లేరా. గానుగ కాడ మనిసి లేడు, వచ్చి బెల్లం పాకం కాడ నిలబడు" అన్నాడు. ఐరాల దగ్గర మాకు చెరుకు గానుగ ఉంది. అక్కడి పొయ్యి ముందు ఒక పూట నిలబడితే ఎవరికైనా చదువు మీద భక్తి పుడుతుంది.

సరిగ్గా అప్పుడే నన్ను మా అత్త ఆదుకుంది. నాయనకు చెల్లెలు. ఊళ్లో సర్పంచి స్థానం ఆడవాళ్లకు కేటాయించడంతో నిలబడి గెలిచింది. పోస్టర్ల మీద అత్త బొమ్మ, పక్కన అంతకంటే పెద్దదిగా మామ బొమ్మ. గెలిచాక కుర్చీలో మామ కూర్చునేవాడు, సంతకాలు మాత్రం అత్త పెట్టేది. ఊళ్లో ఎవరికీ ఇందులో వింత కనబడలేదు (పొలిటికల్ సైన్సు చదివిన నాకూ కనబడలేదు). మండలానికి కొత్తగా వచ్చిన అధికారికి కనబడింది. ఈసారి సమావేశంలో సర్పంచులే మాట్లాడాలి, భర్తలు నోరు తెరిస్తే బయటికి పంపుతాను అని కబురు పెట్టాడు. ఆయన మాట్లాడితే ఇంగ్లీషేనని ఎవరో మామ చెవిన వేశారు. మామ ఆదరాబాదరా మా ఇంటికి వచ్చాడు.

"బావా, మీవోడు ఇంగ్లీషు సదివినాడు గదా. మీ సెల్లెలికి నాలుగు ముక్కలు నేర్పమను."

"వానికొస్తే గదా నేర్పేదానికి!" అన్నాడు నాయన. తర్వాత నా వైపు తిరిగాడు. "సరే. మీ అత్త ఆ మీటింగులో తలెత్తుకోని మాట్లాడితే ఇంగో ఏడాది తిరపతిలో సదువుకో. లేదంటే గానుగ."

అత్త శెనక్కాయలు ఒలుస్తుంటే నేను ప్రొఫెసరులా పచార్లు చేస్తూ మొదలుపెట్టాను. "జ్యురిస్‌డిక్షన్ అంటే అధికార పరిధి అత్తా." "అంటే?" "అంటే, న్యాయపరిధి." "ఒరే అల్లుడా, తెలీని మాటకి ఇంగో తెలీని మాట సెప్తే ఎట్లరా? ఇంట్లో జరిగేది సెప్పు." సరే, కూరలో ఉప్పు ఎంత వేయాలో మామ చెప్పకూడదు, అది ఆయన జ్యురిస్‌డిక్షన్ కాదు అన్నాను. అత్త ముఖం వెలిగిపోయింది. "ఇంత మంచి మాటని ఇన్నాళ్లూ యాడ దాసిపెట్టినార్రా!"

ఆ తర్వాత పాఠం నా చేతిలో లేదు. మామ రెండో కాఫీ అడిగితే "అడ్జర్న్" అనేది, అంటే వాయిదా. మామ బీడీ తీస్తే "స్టే". మా కోడి మీ పెరట్లో గుడ్డు పెట్టింది అని పక్కింటామె వస్తే "ఎవిడెన్స్ ఉండాదా?" అని అడిగింది. ఓటు వేయకుండా తప్పుకోవడాన్ని అబ్‌స్టెయిన్ అంటారని చెబితే మాత్రం, "ఓటుండీ ఎయ్యకపోవడమేందిరా? ఆ మాట నాకొద్దు, నువ్వే పెట్టుకో" అంది. పెట్టుకున్నాను. మీటింగు కోసం నేను తెలుగు లిపిలో రాసిచ్చిన ఇంగ్లీషు ఉపన్యాసాన్ని "శానా బాగుండాది" అని మెచ్చుకుని, బయల్దేరేటప్పుడు అందులో వక్కాకు పొట్లం కట్టుకుంది.

సమావేశంలో అత్త పక్కన మామ, వెనకాల నేను. మా ఊరి మంచినీళ్ల ట్యాంకు సంగతేమిటని అధికారి అడిగాడు. తెలుగులోనే, శుభ్రంగా. అలవాటు కొద్దీ మామ లేచి, "సార్, మా ఊర్లో..." అన్నాడో లేదో, అత్త కూడా లేచింది.

"ఈయన మా ఇంటాయన సార్. ఈయనకి ఈడ జ్యురిస్‌డిక్షన్ లేదు. కూసోమని సెప్పండి."

తక్కిన ఆడ సర్పంచులు బల్లలు చరిచారు. మామ కూర్చున్నాడు. అత్త మాత్రం కూర్చోలేదు. "ట్యాంకు కట్టినారు, పైపు ఎయ్యలే. అడిగినప్పుడల్లా అడ్జర్న్ అంటా ఉండారు. నీళ్లు మోసేది మేము సార్. ఈ పొద్దు తేదీ సెప్తేనే నేను కూసునేది."

అధికారి తేదీ చెప్పాడు. చెప్పి, ముచ్చటపడి, ఈ మాటలు ఎవరు నేర్పారమ్మా అని అడిగాడు. అత్త గర్వంగా నన్ను చూపించింది. అప్పుడు, ఆ రోజుకి ఆ ఒక్కసారే, ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు. ఏం చదువుతున్నావు అనో, ఏ పరీక్ష రాస్తున్నావు అనో అడిగినట్టున్నాడు. మామూలు ప్రశ్నే. నా గది గోడలు కళ్ల ముందు గిర్రున తిరిగి, చీటీలన్నీ ఊడి కిందపడ్డాయి. వాటిలో ఒక్కటే చేతికి దొరికింది.

"అబ్‌స్టెయిన్ సార్" అన్నాను.

మామ తన పరాభవాన్ని పక్కనపెట్టి నాది ఊరంతా చెప్పాడు (తప్పుపట్టను, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి). సాయంత్రానికి నాయన తీర్పు సిద్ధం. "మా సెల్లెలికి తెలివుండబట్టి నువ్వు సెప్పినా నేర్సుకునింది. పద గానుగకి." అంతలో అత్త వచ్చింది, వెనకాల మామ.

"ఏందన్నా ఇది? నేను మాట్లాడితే వానికి ఏడాది అన్నావు. మాట్లాడినానా లేదా?"

"నువ్వు మాట్లాడినావు గానీ, వీడు..."

"వీడు మాట్లాడాలని నువ్వు యాడా అనలేదే!"

నాయన మామ వైపు చూశాడు. మామ నేల వైపు చూశాడు.

"వాణ్ణి ఏడాది బెయిలు మీద ఇడిస్తా ఉండా" అంది అత్త. "కండిషన్ ఒగటే. ఎవురేమడిగినా నోరు తెరిసి జవాబు సెప్పాల. తెలుగైనా సరే."

ఆ ఏడాది నిజంగానే చదివాను. పరీక్ష మాత్రం మళ్లీ తప్పాను. ఇప్పుడు చిత్తూరులో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతున్నాను. కాలేజీకి ఎవరైనా పెద్దమనిషి వచ్చి ఇంగ్లీషులో ఏదైనా అడిగితే, మాట దొరికితే ఇంగ్లీషులో, దొరక్కపోతే తెలుగులో, కాస్త గట్టిగానే జవాబిస్తాను. ఈ మాస్టారుకు ధైర్యమెక్కువ అని పిల్లలు అనుకుంటారు. పాపం, బెయిలు మీద ఉన్న మనిషినని వాళ్లకు తెలియదు.