మడ అడవిలో మా మేడం

2017 చలికాలం. చౌటుప్పల్‌లో సొంత కారు కిరాయికి తిప్పుతున్న రోజులు. మా లైన్లో ‘రిపీట్ కస్టమర్’ అంటే ప్రతిసారీ మనకే ఫోన్ చేసే మనిషి. నాకు సులోచన మేడం అలాంటివారు. జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. పక్షులంటే ప్రాణం. నల్లగొండ చుట్టుపక్కల చెరువులన్నీ కలిసే తిరిగాం. కరెంటు తీగ మీద ఏది కదిలినా ముందు నాకే కనిపించేది. బండి పక్కకు ఆపితే, “నీ కండ్లు బంగారం, ఖలీల్” అనేవారు.

ఆ ఏడు కాకినాడ వైపు మడ అడవికి ఔట్‌స్టేషన్ ట్రిప్, అంటే ఊరు దాటి రాత్రి అక్కడే ఆగే కిరాయి. ఉప్పునీటి బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చిన చెట్లు, వాటి మధ్య నడవడానికి చెక్కల బాట. శ్రీను అనే గైడు ఎదురొచ్చాడు. బైనాక్యులర్ సంచి ఎప్పుడూ నా భుజానే ఉండేది. “ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటా” అని లాగేసుకున్నాడు. మేడం వద్దనలేదు.

నా కడుపుమంట అక్కడ మొదలైంది. నేను వేలెత్తేలోపే అతను పేరు చెప్పేస్తున్నాడు. ఒకసారి ఆశగా “గద్ద, మేడం!” అన్నాను.

“గరుడ పక్షండీ అది” అన్నాడు శ్రీను. మేడం నవ్వారు.

చివరికి ఆమె ఏళ్లుగా చూడాలనుకున్న నల్లతల లకుముకి పిట్ట కూడా అతనికే దొరికింది. మేడం కళ్లలో నీళ్లు. శ్రీను చెయ్యి పట్టుకుని ఊపేశారు. “జర చూడు, ఖలీల్!”

“చూసిన మేడం” అన్నాను. చూడలేదు. అటు తిరిగి బురదలో పీతల్ని చూస్తూ నిలబడ్డాను.

మరుసటి ఏడు ఫోన్ చేశారు. “శ్రీనుతోని మాట్లాడిన. ఈసారి రైల్ల పోతున్న. జర సికింద్రాబాద్ స్టేషన్ల దింపు.”

దింపి ఇంటికొచ్చాను. అన్నం కంచం పక్కకు నెట్టాను. మా ఆవిడ రజియా అడిగింది: “ఆమె నీకు కస్టమరా, చుట్టమా? గట్ల ముఖం మాడ్చుకున్నవేంది?”

మేడం తిరిగొచ్చే రోజు వేరే కిరాయి ఉందని చెప్పేద్దామనుకున్నాను. తీరా ఆ రోజు తెల్లారేసరికి స్టేషన్ బయట బండితో ఉన్నాను.

మేడం ఎక్కారు. ఎండకు నల్లబడ్డారు, ముఖం మాత్రం వెలిగిపోతోంది. హయత్‌నగర్ దాటాక నేనే అడిగాను.

“ఏమేం చూసిన్రు మేడం?”

అడగడం కోసమే ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టారు. ప్రతి పిట్ట వెనకా శ్రీను పేరే. ఆ పేరు వచ్చిన ప్రతిసారీ గుండెల్లో చురుక్కుమనేది. కస్టమర్ మన బండి ఎక్కుతారు గానీ మన సొత్తు కారని ఆ దారిలోనే నేర్చుకున్నాను.

“శ్రీను ఉన్నడు చూడు, ఎంత హుషారో...” అన్నారు మళ్లీ.

“హుషారే మేడం” అన్నాను. “తర్వాత?”