ఇస్త్రీ బల్ల ఎత్తు

చొక్కాల కార్ఖానాలో ఇస్త్రీ చేసే ఆమెను అందరూ నిచ్చెనక్క అంటారు. అంత పొడవు మనిషికి బల్ల తొడల దాకే వస్తుంది. పద్నాలుగేళ్ళుగా వంగీ వంగీ, మధ్యాహ్నానికల్లా నడుం పట్టుకుని గోడకు జారబడేది. కిందటి నెల బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నాక ప్రాణం కాస్త తెరిపిన పడింది. ఈ ఉదయం సూపర్‌వైజరు వాటిని తీయించేశాడు. "పెద్దవాళ్ళు వస్తున్నారు, చూడ్డానికి బాగోదు," అన్నాడు.

పనిలో ఎలా నిలబడాలో నేర్పడానికి వచ్చిన పెద్దమనిషి సరిగ్గా ఆమె దగ్గరే ఆగాడు. "చూడండమ్మా, ఇదిగో ఇలా మాత్రం వంగకూడదు. నడుం పోతుంది."

తోటివాళ్ళు తలలు దించుకున్నారు. ఆమె సూపర్‌వైజరు వైపు చూసింది.

"ఎన్నిసార్లు చెప్పినా వినదండీ," అన్నాడతను.

ఆమె నోరు విప్పబోయింది. ఈలోగా పెట్టె కింద చొక్కా మాడుతున్న వాసన వచ్చి, మళ్ళీ వంగింది.