గంగమ్మ నేర్పిన సైగ

పొద్దున ఏడింటికి హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. నేను ఆ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నర్సును. మా వార్డులో క్యాన్సరుతో పోయిన రామక్కకు గంగమ్మ అని ఒక్కతే కూతురు. ఆమెను ధర్మవరంలోని మహిళల ఆశ్రమంలో దిగబెట్టడానికే ఈ ప్రయాణం.

గంగమ్మకు ముప్పై దాటాయి. పుట్టుకతోనే చెవుడు, మాట రాదు, బడికి పోలేదు. తల్లీకూతుళ్లు గొర్రెలు మేపుకుంటూ సొంతంగా కల్పించుకున్న సైగలతోనే బతికారు. ఆ సైగలు రామక్కకు తప్ప ఎవరికీ తెలియవు. చివరి రోజుల్లో ఆమె దిగులంతా అదే.

మా ఆసుపత్రికీ, పెనుకొండ ఆశా కార్యకర్త ఓబులమ్మకూ, ఆశ్రమం వార్డెన్ సుజాతకూ కలిపి ఫోన్లో ఒక యాప్ ఉంది. రోగి సంగతి ఒకరు రాస్తే ముగ్గురికీ తెలుస్తుంది. రామక్క మంచం మీద కూర్చుని సైగలు చేసి చూపిస్తే, వీడియోలు తీసి అందులో పెట్టాను.

"ఇట్లంటే ఆకలి. ఇట్లంటే కడుపునొప్పి. అన్నానికి పిలవాలంటే ఇట్లనాల తల్లీ" అని ఓపిక లేకపోయినా చెప్పింది. ఆశ్రమంలో చోటు దొరికిందని మెసేజు వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. చెవి దగ్గర చదివాను. వినిందో లేదో.

పెనుకొండలో ఓబులమ్మ, గంగమ్మ ఒక గుడ్డసంచితో ఎక్కారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన గంగమ్మను "యాడికి పోతాండారమ్మా?" అని పలకరించాడు.

"దానికి వినపడదు తాతా. వాళ్లమ్మ పోయింది. ధర్మవరంలో ఉంచేదానికి పోతాండాము" అంది ఓబులమ్మ.

ఆయన సంచిలోంచి ఒక సీతాఫలం తీసి గంగమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తినలేదు, అట్లాగే పట్టుకుని కూర్చుంది.

ధర్మవరంలో దిగి, మగ్గాల చప్పుడు వినిపించే వీధుల్లోంచి ఆటోలో ఆశ్రమానికి చేరాం. సుజాత గేటు దగ్గరికే వచ్చి, వీడియోల్లో చూసి నేర్చుకున్న సైగతో గంగమ్మను అన్నానికి పిలిచింది.

గంగమ్మ ఉలిక్కిపడింది. సుజాతను దాటుకుని లోపలికి పరుగెత్తింది. ఒక్కో గది తలుపు తోసి చూసింది.

"ఆ సైగ చూసి వాళ్లమ్మ ఈడే ఉండాదనుకునింది మేడమ్" అంటూ ఓబులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కాసేపటికి గంగమ్మ వాకిట్లోకి వచ్చి కూలబడింది. పిడికెడు మన్ను తీసుకుని మెల్లగా నేలమీదికి జార్చి, దానిమీద అరచెయ్యి ఆనించింది. ఊళ్లో తల్లిని పూడ్చిన గుంతలోనూ ఆమె అట్లాగే మన్ను వేసిందని ఓబులమ్మ చెప్పింది. సుజాత పక్కనే కూర్చుని తనూ పిడికెడు మన్ను జార్చింది. గంగమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి ఆమె వెంట అన్నానికి వెళ్లింది.

మూడింటి బండికి తిరుగు ప్రయాణమయ్యాం. పెనుకొండలో దిగుతూ ఓబులమ్మ, "మనం చేసింది మంచిపనే కదా మేడమ్?" అంది. మంచిపనే అన్నాను. కూడు, నీడ, ఆకలని చెప్తే తెలుసుకునే మనుషులు ఆమెకు దొరికారు. అయినా మనసు తేలికపడలేదు.

హిందూపురం దగ్గర పడుతుండగా యాప్‌లో సుజాత పెట్టిన కొత్త వీడియో వచ్చింది. గంగమ్మ చేతులు, జారుతున్న మన్ను. కింద "అమ్మ" అని రాసి ఉంది. రామక్క చూపించని సైగ అది. గంగమ్మ తానుగా మాకు నేర్పిన మొదటి మాట.